కట్టమంచివారును వ్యవహారవిద్యయు

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములనుండి ఏటేట ఎందఱో బాలురును బాలికలును వాణిజ్యవిద్య నభ్యసించుటకై ఒంగోలునకు, గుంటూరునకు, విశాఖపట్టణమునకు పోవుచున్నారు. మొదటి సంవత్సరములలోనే వారికి మూడు కొత్త పాఠములు ఎదురగుచున్నవి. వర్తకమునకు సంబంధించిన చట్టము ఒకటి. మనుష్యులచేత పని చేయించు పద్ధతి ఇంకొకటి. లెక్కల సాయమున ఒక నిర్ణయమునకు వచ్చు విధము మూడవది. దీనికి నిర్ణయశాస్త్రమని పేరు పెట్టినారు. పెద్దారవీడు మొదలగు గ్రామముల పెద్దలు ఈ పేర్లు విని, ఇవి పుస్తకములు చదివి తెలిసికొనవలసిన సంగతులా యని శంకించుటలో వింత యేమియు లేదు. ప్రోనోటునకు మూడేండ్లలో కాలదోషము పట్టునని, ఆ గడువు లోపుగనే కొంత సొమ్ము చెల్లు వేయించి సంతకము చేయించుకొనవలెనని వారికి ఏ ఆచార్యుడును బోధింపలేదు. పలకల గనిలో ఎవరిని మేస్త్రీగా నుంచిన కూలీలు నిలుతురో, ఎవరిని ఉంచిన మఱునాడే వెళ్లిపోవుదురో అనుభవమే వారికి నేర్పినది.

శంక సహేతుకమే. అయినను వ్యవహారజ్ఞానము వేఱు, వ్యవహారశాస్త్రము వేఱు. మొదటిది మన యూరిలో మనకు చాలును. ఊరు దాటిన వెంటనే రెండవది అక్కఱకు వచ్చును. మార్కాపురపు పలక ఊరు దాటి దేశదేశములకు పోయినది. లెక్కకు మించిన పిల్లలు ఆ రాతిమీదనే ఓనమాలు దిద్దిరి. కాని మొగమెఱుగని బేరగానికి సరకు పంపి, త్రోవలో పలకలు పగిలిన నష్ట మెవరిదని వాదము వచ్చినపుడు ఊరి మర్యాద యొక్కటే చాలదు. 1872 నాటి ఒడంబడికల చట్టమేమి చెప్పుచున్నది, 1930 నాటి సరకుల విక్రయపు చట్టమేమి చెప్పుచున్నది యని అడుగవలసి వచ్చును. అట్టి ప్రశ్నకు ప్రత్యుత్తరము తెలుగువానికి తెలుగుననే దొరకవలెనా, లేక మఱియొక భాష చదివినవాని వాకిట కాచుకొని దానిని తెచ్చుకొనవలెనా? మేమీనాడు కట్టమంచి రామలింగారెడ్డిగారి చరిత్రను పాఠకుల ముందుంచుటకు ఈ ప్రశ్నయే కారణము. వారు వర్తకులు కారు. కాని ధనమునకు సంబంధించిన శాస్త్రమును తెలుగున చెప్పబూనిన తొలివారిలో ఒకరు. పిదప తెలుగువారి విశ్వవిద్యాలయమునకు ప్రథమ ఉపాధ్యక్షులు. పైని చెప్పిన మూడు పాఠములును వారి జీవితమున ఒక్కొక్కచోట నిజముగా పరీక్షకు వచ్చినవి.

రెడ్డిగారు 1880వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన చిత్తూరు చెంతనున్న కట్టమంచిలో జన్మించిరి. చెన్నపురి క్రైస్తవ కళాశాలలో చదువుచున్న కాలమున, ఇరువదియేండ్లైనను నిండకమునుపే, ముసలమ్మ మరణమను కావ్యమును వ్రాసిరి. అనంతపురము దాపున బుక్కరాయసముద్రము చెరువు తెగనున్న వేళ ఊరిని కాపాడుటకై ప్రాణమర్పించిన కోడలి కథ అది. కంభము చెరువు క్రింద సేద్యము చేయువారికి కట్ట తెగుట యననేమో చెప్పవలసిన పనిలేదు. రాజుల కథలను విడిచి కాపుటింటి కోడలిని నాయికగా గ్రహించుటయే ఆనాటికి సాహసము. లోకవ్యవహారమువైపు వారి దృష్టి చిన్ననాటనే తిరిగియుండెననుట కిది చాలు.

1902లో ప్రభుత్వ విద్యార్థివేతనముపై వారు ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జిలో సెంట్ జాన్సు కళాశాల యందు చేరిరి. చరిత్రలో ప్రథమశ్రేణిని పొందిరి. అచ్చటి విద్యార్థుల వాదసభయగు యూనియనునకు ఉపాధ్యక్షులుగా నెన్నుకొనబడిన తొలి భారతీయుడు తామే యను ఖ్యాతియు వారికి దక్కినది. ఆ వాదసభ కంటె మాకు ముఖ్యమని తోచు సంగతి మఱియొకటి కలదు. ఆల్‌ఫ్రెడ్ మార్షల్ పండితుడు ఆ కళాశాలకు చెందినవాడే. అంతవఱకు ఇతర శాస్త్రములకు తోకగానుండిన అర్థశాస్త్రమునకు, ఆయన పట్టుదల వలన, 1903లో కేంబ్రిడ్జిలో ప్రత్యేక పరీక్ష ఏర్పడెను. దేశము పేదదగుటకును సంపన్నమగుటకును కారణము లున్నవనియు, అవి విచారించి తెలిసికొనదగినవే కాని తలవ్రాత కావనియు పండితులు గట్టిగా పలుకుచున్న చోట ఈ చిత్తూరు యువకుడు చదివెను. సముద్రమునకు ఆవల అమెరికాలో, ఫిలడెల్ఫియా నగరమున, వర్తకవిద్యకొఱకే వార్టన్ పాఠశాల 1881లోనే వెలసియుండెను. మన దేశమున అట్టిది, బొంబాయిలోని సిడెన్‌హాం కళాశాల, 1913 వఱకు లేదు.

స్వదేశమునకు మరలిన పిమ్మట వారు బరోడా కళాశాలలో కొలదికాలము పనిచేసి మైసూరు మహారాజా కళాశాలకు వచ్చిరి. అక్కడ నున్న యేండ్లలోనే అర్థశాస్త్రమును తెలుగున గ్రంథముగా రచించిరి. కవిత్వతత్త్వ విచారమను విమర్శ గ్రంథమువలన 1914లో వారికి కలిగిన కీర్తి ముందు అర్థశాస్త్రము పేరు కొంత మఱుగునపడినది. పింగళి సూరనను గూర్చి వారేమి చెప్పిరో ఈనాటికిని పండితులు వాదించుకొందురు. ధనోత్పత్తిని గూర్చి ఏమి చెప్పిరో అడుగువారు అరుదు. ఇది న్యాయము కాదని మా యభిప్రాయము. పద్యమును విమర్శించుటకు తెలుగున వేయేండ్ల మాటల మూట యుండెను. పెట్టుబడి, వడ్డి, కూలి, కౌలు, మారకము వీనిని శాస్త్రరీతిని విడదీసి చెప్పుటకు మాటలు చాలమేర సంతలోను కచ్చేరీలోను ఉన్నవే గాని గ్రంథములలో లేవు. ఆ రెంటిని కలుపు పనికి రెడ్డిగారు పూనుకొనిరి.

మైసూరులో వారు కళాశాలాధ్యక్షులై, తుదకు సంస్థానపు విద్యాశాఖకే అధికారి యయిరి. 1916లో మైసూరు విశ్వవిద్యాలయము నెలకొనునప్పుడు ఆ యాలోచనలలో వారికి పాలు కలదు. వెలివేయబడిన కులముల బిడ్డలకు ప్రభుత్వ పాఠశాలల వాకిళ్లు తెఱచు ప్రయత్నమునకు వారు గట్టిగా నిలిచిరి. ప్రతిఘటన లేకపోలేదు. మనుష్యులచేత పని చేయించు విద్యను నేడు బోధించువారు జీతము, బహుమానము, శిక్ష యని మొదలు పెట్టుదురు. మేము చూచినంతలో దాని మొదటి ప్రశ్న వేఱు: లోపలికి ఎవరిని రానిత్తుము? గడప దగ్గఱనే కొందఱిని ఆపివేసిన సంస్థ ఎంత నేర్పుగ నడిచినను, ఊరిలోని నేర్పులో కొంత భాగమును పోగొట్టుకొనియే నడుచును.

1921లో కొలువు విడిచి రాజకీయములలో ప్రవేశించిరి. చిత్తూరు తరఫున చెన్నపురి శాసనసభకు వెళ్లిరి. మొదట జస్టిసు పక్షమున నుండి, పిదప దానితో విభేదించి, 1923 నవంబరులో పానగల్లు రాజావారి మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానమును ప్రవేశపెట్టిరి. భారతదేశపు శాసనసభలలో అట్టి తీర్మానమదియే మొదటిది. తీర్మానము ఓడిపోయినది, మంత్రివర్గము నిలిచినది. అయినను చట్టమును చదువు విద్యార్థి దీనిని శ్రద్ధగా గమనింపవలెను. ద్వంద్వ ప్రభుత్వమను పేర తెల్లదొరతన మిచ్చిన అధికారములు కొద్ది. ఆ కొద్ది నిబంధనలలోనే మంత్రులు సభకు జవాబుదారులను బీజము కలదని గ్రహించి, అంతవఱకెవ్వరును పట్టుకొనని పిడిని రెడ్డిగారు పట్టుకొనిరి. సెక్షన్లు వల్లించుట చట్టజ్ఞానము కాదు. ఉన్న చట్టము మనకు ఎంతవఱకు చోటిచ్చుచున్నదో చివరి అంగుళము దాక కొలిచి చూచుట చట్టజ్ఞానము. కౌలు కాగితముపై వ్రేలిముద్ర వేయబోవు రైతునకు కావలసినదియు ఇదే.

1926 ఏప్రిలులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు స్థాపితమైనది. రెడ్డిగారు దానికి ప్రథమ ఉపాధ్యక్షులు. బెజవాడలో పని ప్రారంభించిరి. ప్రధానస్థానము బెజవాడయా, రాజమహేంద్రవరమా, విశాఖపట్టణమా, అనంతపురమా యని తెలుగువారు తమలో తాము చేసికొన్న కలహము ఆనాటి పత్రికలను నింపివేసినది. 1930లో పరిషత్తు విశాఖకు చేరెను. అప్పటికి మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. 1800లో నిజాము కుంఫిణీకి దత్తముచేసిన సీమలోనివి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడువఱకు కర్నూలుతోడనే యుండెను. నల్లమల యంచున నున్న పెద్దారవీడు పిల్లవానికి విశాఖ యెంత దూరమో చెప్పనక్కఱలేదు. రాయలసీమవారి ఈ బాధయే 1937లో శ్రీబాగ్ ఒడంబడికలో చోటు చేసికొన్నది. వాల్తేరుతోపాటు అనంతపురమునను విశ్వవిద్యాలయ కేంద్ర ముండవలెనని అందు వ్రాసికొనిరి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954లో గాని రాలేదు. చిత్తూరు బిడ్డ ఉపాధ్యక్షుడై యుండియు పరిషత్తు ఉత్తరపు కొసకు పోయినదను నిష్ఠూరము మనవైపు ఉండెను. ఆ నిర్ణయము వారొక్కరిది కాదు. శాసనసభది, సెనేటుది, ప్రభుత్వముది. అయినను దూరము దూరమే.

1930లో దేశమున ఉప్పు సత్యాగ్రహము సాగుచుండెను. ప్రభుత్వము లాఠీలతోను చెఱసాలలతోను దాని నణచుచుండెను. ఈ దమననీతికి నిరసనగా రెడ్డిగారు ఉపాధ్యక్ష పదవికి రాజీనామా నిచ్చిరి. ఇక్కడ మేము కొంచెము నిలువదలచినాము. పునాదులు లేచుచున్నవి. ధన మింకను సమకూడలేదు. నాలుగేండ్లు తాము చెమటోడ్చిన సంస్థ ఇంకను చేతికి రాలేదు. అట్టి సమయమున తల్లివంటివాడు బిడ్డను నడివీథిలో విడిచిపోవుట తగునా యని నాడు అడిగినవారు గలరు. నిర్ణయశాస్త్రము బోధించు మొదటి సూత్ర మిచ్చట పనికివచ్చును. గడచిన ఖర్చు తిరిగి రాదు. కనుక రాబోవు మేలుకీళ్లనే తూచవలెను. మన ప్రాంతపు రైతు ఈ సూత్రమును తప్పుటవలన ఎంత నష్టపడుచున్నాడో పాఠకు లెఱుగుదురు. మూడు బోర్లు వేసి నీరు పడక, అంత సొమ్ము పోసితినిగదా యని నాలుగవదానికి అప్పు తెచ్చును. మూడింటికి పోసిన సొమ్ము నాలుగవదానిలో నీటిని పెంచదు. రెడ్డిగారు తమ నాలుగేండ్ల శ్రమను బోరుగుంటలోని సొమ్మువలె భావించి ప్రక్కన పెట్టిరి. ఇకముందు ఆ కుర్చీలో కూర్చుండుట వలన పరిషత్తునకు కలుగు మేలెంత, తమ దేశస్థుల తలలు పగులగొట్టు ప్రభుత్వముచే నియుక్తుడుగా నుండుట వలన కలుగు కీడెంత యని మాత్రమే చూచిరి.

ఫలితము మంచిదే యయినది. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణపండితులు ఆ పదవికి వచ్చి, అయిదేండ్లలో పరిషత్తును దేశమంతయు గౌరవించునట్లు చేసిరి. అయినను ఫలితమును చూచి నిర్ణయమును మెచ్చుకొనుట పొరపాటని ఆ శాస్త్రమే చెప్పును. రాధాకృష్ణునివంటివారు వత్తురని 1930లో ఎవ్వరికిని నిశ్చయముగా తెలియదు. ఎవరో అసమర్థుడు వచ్చి పరిషత్తు కుంటుపడియున్నను రాజీనామా సరియైన నిర్ణయముగానే యుండెడిది. తెలిసినంతలో తూచి, తూచినదాని వెల చెల్లించుటకు సిద్ధపడినవాని లెక్క సరియైన లెక్క.

1936లో రాధాకృష్ణపండితులు ఆక్సుఫర్డునకు వెళ్లగా రెడ్డిగారు మరల ఉపాధ్యక్షులై 1949 వఱకు ఉండిరి. మనుష్యులచేత పని చేయించు విద్యలో వారి గొప్పపాఠము ఈ రెండవ రాకడలోనిది. క్రొత్త అధికారి వచ్చినంతనే పాతవాని మనుష్యులను తొలగించి తనవారిని నింపుకొనుట మన దివాణములలోను, కార్యాలయములలోను, నూనెమిల్లులలోను కూడ ఆచారము. రెడ్డిగారు వచ్చునప్పటికి భౌతికశాస్త్రమున సూరి భగవంతముగారు, రసాయనమున టి. ఆర్. శేషాద్రిగారు రాధాకృష్ణపండితుల కాలమున నెలకొనియుండిరి. వారిరువురును అటుపిమ్మట పదియేండ్లకు మించి అచ్చటనే పనిచేసి శిష్యులను తయారుచేసిరి. సమర్థుని గుర్తించుట సులభము; సమర్థుడు మఱియొకరి ఎన్నిక యైనపుడు అతనిని నిలుపుకొనుట కష్టము. జయపురాధీశులగు విక్రమదేవవర్మ మహారాజావారు విజ్ఞానకళాశాలకు ఏటేట లక్షరూపాయ లిచ్చు దానమును ఏర్పరచియుండిరి. ఇట్టి దాత విశ్వాసము నిలుపుకొనుటయు అదే విద్యలోని భాగము.

1942 ఏప్రిలు 6వ తేదీన జపానువారు విశాఖపై బాంబులు వేసిరి. పరిషత్తు గుంటూరునకు తరలవలసి వచ్చెను. గ్రంథములు, పరికరములు, విద్యార్థులు, అధ్యాపకులు అందఱును ఒకయూరి నుండి వేఱొకయూరికి సాగుట యనగా సామాన్యము కాదు. బోధన నిలువలేదు. ఆ యేడే వారికి సర్ బిరుదము వచ్చెను; వారు దానిని స్వీకరించిరి. పండ్రెండేండ్లకు మునుపు రాజీనామా నిచ్చిన మనుష్యుడు, గాంధీమహాత్ముడు మరల చెఱసాలకు పోయిన సంవత్సరమున, ఆ ప్రభుత్వపు బిరుదము నేల పుచ్చుకొనెనని జాతీయవాదులు నొచ్చుకొనిరి. ఆ నొప్పి అన్యాయమైనది కాదని మేమును తలంతుము. సంస్థను కాపాడుకొనుటకై యని వారిని సమర్థించువారు చెప్పవచ్చును. 1930లో ఆ సమాధానము వారికే చాలలేదు.

వారి యేలుబడిలోనే 1945లో పరిషత్తునందు న్యాయశాస్త్ర బోధన ఆరంభమైనది. వారి యేలుబడిలోనే కల్యంపూడి రాధాకృష్ణారావుగారు గణితమున ఎం. ఏ. ముగించి 1941లో కలకత్తాకు, మహలనోబిసు పండితుని సంఖ్యాశాస్త్ర సంస్థకు వెళ్లిరి. నాలుగేండ్లకే, 1945లో, వారు ప్రకటించిన వ్యాసము ప్రపంచ ప్రసిద్ధమైనది; 2023లో నూటరెండేండ్ల వయస్సున వారు గతించునాటికి ఆ శాస్త్రమున వారి పేరు తెలియని దేశము లేదు. చేతనున్న కొద్ది సమాచారమునుండి ఎంత నిశ్చయముగా చెప్పవచ్చును, ఎంతకు మించి చెప్పరాదు అని ఆ వ్యాసము తేల్చినది. నిర్ణయశాస్త్రమను పేర నేడు వాణిజ్య విద్యార్థులు నేర్చు లెక్కలకు అట్టి సంఖ్యాశాస్త్రమే ఆధారము. ఆ విద్యార్థికి వాల్తేరు చోటిచ్చినదను గౌరవము పరిషత్తుది.

1949లో పదవి విడిచి, మైసూరు విశ్వవిద్యాలయమునకు ఉప కులపతియై, 1951 ఫిబ్రవరి 24వ తేదీన రెడ్డిగారు కీర్తిశేషులైరి. వివాహము చేసికొనలేదు. ఏలూరులో 1945లో నెలకొన్న కళాశాల వారి పేరు ధరించినది. వారి తరువాత ఉపాధ్యక్షులైన వాసిరెడ్డి శ్రీకృష్ణగారి కాలమున, 1957లో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఎం. బి. ఏ. తరగతుల నారంభించెను. దేశమున పూర్తికాలపు ఎం. బి. ఏ. ను ముందుగా తెఱచిన విశ్వవిద్యాలయములలో అది యొకటి. కలకత్తా, అహమ్మదాబాదు నగరములందలి పేరుపొందిన సంస్థలు 1961లో గాని పుట్టలేదు. చట్టము, మనుష్యులు, నిర్ణయము అను మూడు పాఠములకు తెలుగునాట తరగతి గది దొరకినది.

కాని ఆ గదిలో బోధన ఆంగ్లమున సాగినది. ఇది మేము దాచదలచుకొన్న సంగతి కాదు. అర్థశాస్త్రమును తెలుగున వ్రాసిన మనుష్యుడు పదునేడేండ్లకు పైగా ఉపాధ్యక్షుడై యుండియు, ఆ శాస్త్రమును గాని వాణిజ్యమును గాని తెలుగున బోధించు తరగతిని నిలుపలేకపోయెను. కాలమట్టిది యనవచ్చును, ఉద్యోగములు ఆంగ్లమున నుండెననవచ్చును, పుస్తకములు లేవనవచ్చును. పుస్తకములు లేవన్న మాటకు మాత్రము వారి స్వంత గ్రంథమే అడ్డు నిలుచును. ఒక్కరు ఒక గ్రంథము వ్రాయగలిగినచోట, ఒక పరిషత్తు పది వ్రాయించి యుండవచ్చును. ఆ పని వారు గతించిన పదునేడేండ్లకు, 1968లో తెలుగు అకాడమి స్థాపితమైన పిదప, క్రమముగా మొదలైనది. దాని వలన డిగ్రీ విద్యార్థికి వాణిజ్యశాస్త్రము, వర్తక చట్టము తెలుగు పుస్తకముల రూపమున దొరకినవి. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము డిగ్రీ తరగతులన్నియు ఆంగ్లమాధ్యమముననే నడుపవలెనని నిర్ణయించినది.

ఆంగ్లము వలదని మేమనుట లేదు. బొంబాయి బేరగానితోను, విదేశపు కొనుగోలుదారుతోను ఉత్తరప్రత్యుత్తరములు జరుపవలసిన పలకల వర్తకునకు అది కావలెను. అయినను పెద్దారవీడులో అప్పు పత్రము వ్రాయుట, పాలుదారులు విడిపోవుట, కూలిరేటు తేల్చుకొనుట, బోరు వేయుటా మానుటా యని ఇంటిల్లిపాది కూర్చుండి ఆలోచించుట తెలుగుననే జరుగుచున్నవి. ఈ పనులకు కావలసిన శాస్త్రమును కళాశాలలో ఒక భాషలో నేర్చి, ఇంటియొద్ద మఱియొక భాషలోనికి మార్చుకొనలేక, మన బిడ్డలనేకులు పరీక్ష నిచ్చిన మఱునాడే దానిని మఱచిపోవుచున్నారు. తండ్రి యనుభవము తండ్రియొద్దను, కొడుకు పాఠము పుస్తకముననే నిలిచియున్నవి.